ఉద్దేశపూర్వకమైన టిక్కు

ఆ ఆదివారం ఉదయం లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పాటలో మిగిలిన చివరి ముక్క రికార్డు చేయాలి. మొత్తాన్ని ఫైలుగా మార్చి బృందానికి పంపాలి, ఒక కాపీ భార్య ఫోనుకు పంపాలి. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి పొగడ్తల కోసం ఎదురుచూడాలి. పొగడ్తలు వస్తాయా రావా అన్న అనుమానం అతనికి ఏనాడూ లేదు. ఎంతసేపట్లో వస్తాయన్నదే ప్రశ్న.

పాట అంటే అతను పాడేదేమీ కాదు. ఇస్త్రీ బల్ల, పాత సూట్‌కేసులు ఉండే చిన్న గదిలో గోడకు ఒక పరుపు నిలబెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని డ్రమ్ములు, తీగలు, గంటలు, ఉరుములు అన్నీ మౌసుతోనే మోగిస్తాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని "ఆ గదిలో పని" అంటారు. అతను మాత్రం స్టూడియో అంటాడు.

ఉద్యోగం వేరు. వారమంతా అపార్టుమెంట్లలో లిఫ్టులెక్కి దిగుతూ, ఏ తాడు అరిగిందో, ఏ తలుపు బద్ధకంగా మూసుకుంటోందో చూసి రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టులో మూడే గడులు: లోపం, కారణం, సవరణ. ఏళ్ళ తరబడి అవే నింపీ నింపీ అతనికి లోకమంతా మూడు గడుల్లోనే కనిపించడం మొదలైంది.

ఇంట్లో కూర్చుని ఇలాంటి పాటలు చేసేవాళ్ళందరూ కలిసి నెట్‌లో ఒక బృందం పెట్టుకున్నారు. దాని పేరు "నిర్మొహమాటం". అక్కడ ఒకటే నియమం. మన పాట పెట్టాలంటే ముందు ఇంకో ఇద్దరి పాటలు విని విమర్శ రాయాలి. అసలు పేర్లు ఉండవు, మారుపేర్లే. ఇన్‌స్పెక్టరుది "లిఫ్టు సారు". విమర్శ రాయమంటే ఆయన కలానికి మహా హుషారు. "వానచుక్క" అనే కొత్తమ్మాయి తన మొదటి పాట పెట్టినప్పుడు ఇలా రాశాడు: "లోపం: పాట మొదలు. కారణం: మీరు అక్కడ మొదలుపెట్టడం. సవరణ: మధ్యలోంచి మొదలుపెట్టండి." పాపం, ఆ పిల్ల ఆ తర్వాత చాన్నాళ్ళు బృందంలో కనిపించలేదు.

తన పాట జోలికి వస్తే మాత్రం లెక్క వేరు. పోయిన నెల "పాత హెడ్‌ఫోన్" అనే ఆయన మర్యాదగా, "వెనకాల ఏదో గాలి చప్పుడు వినిపిస్తోందండీ" అన్నాడు. అది గదిలో సీలింగు ఫ్యాను. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకూ తెలుసు. అయినా, "కళాకారుడు ఉద్దేశపూర్వకంగా ఉంచినదాన్ని తప్పు అనడానికి ముందు ఉద్దేశం ఏమిటని అడగాలి. అడగడం చేతకాకపోతే వినడం నేర్చుకోవాలి" అంటూ పేజీన్నర ఉపన్యాసం దంచాడు. ఆ రోజు నుంచి నిర్మొహమాటం బృందంలో లిఫ్టు సారంటే అందరికీ ఒకటే మొహమాటం.

ఆ మొహమాటంతో అందరూ పొగిడేవాళ్ళే అయినా, అతనికి నిజంగా కావలసిన పొగడ్త ఇంట్లోనే ఉండిపోయింది. భార్య ఫిజియోథెరపిస్టు. మోకాళ్ళ ఆపరేషన్లయినవాళ్ళకూ, నడక మరిచిపోయినవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పే క్లినిక్కులో పని. పెళ్ళయిన దగ్గర్నుంచి అతను ఏ పాట వినిపించినా ఆమె, "బాగుందండీ" అంటుంది. కొత్త చొక్కా వేసుకున్నా అదే మాట, గోడకు మేకు కొట్టినా అదే మాట, అదే గొంతు. అడక్కుండా ఆమె నోటి నుంచి ఒక్క వాక్యం, ఫలానా చోట ఫలానాది నచ్చింది అని కారణంతో సహా వస్తే చాలు, అతను ఆ గదిని మళ్ళీ ఇస్త్రీ బల్లకు వదిలేయడానికైనా సిద్ధమే.

ఇప్పుడు ఆ అవకాశం వచ్చింది. శనివారం క్లినిక్కులో ఒక కార్యక్రమం ఉంది. పేషెంట్లు ఇంటివాళ్ళ ముందు, పెద్ద డాక్టరు ముందు, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి పాట వింటూ నడవాలి. అది సవ్యంగా జరిగితే ఆమె మొదలుపెట్టిన నడక క్లాసును శాశ్వతం చేస్తానని పెద్ద డాక్టరు మాటిచ్చాడు. "మీ పాటే వాడతాలెండి" అని ఆమె అంది. ఆ మాటకే అతను వారం రోజులుగా నేల మీద నడవడం లేదు.

చివరి ముక్క రికార్డు చేసేటప్పుడు అతను మెట్రోనోమ్ పెట్టుకున్నాడు. మెట్రోనోమ్ అంటే తాళం తప్పకుండా చెవిలో "టిక్కు, టిక్కు" అంటూ ఉండే చప్పుడు. పాట తయారవుతున్నంతసేపూ తోడుంటుంది, తయారయ్యాక దాన్ని పంపించేయాలి. కంప్యూటరు తెర మీద ఫైలుగా మార్చే కిటికీలో "మెట్రోనోమ్ కూడా కలపాలి" అని ఒక చిన్న గడి ఉంది. కాఫీ కప్పు పక్కన పెడుతుంటే మోచెయ్యి మౌసుకు తగిలి ఆ గడిలో టిక్కు పడింది. అతను చూసుకోలేదు. ఫైలు మార్చాడు, పంపాడు, కుర్చీలో వాలాడు. పంపిన ఫైలు ఒక్కసారైనా వినలేదు. తన పాటను తాను వినాల్సిన అవసరం అతనికెప్పుడూ కనిపించలేదు.

బృందం వింది. పాట మొదటి నుంచి చివరి దాకా ఎవరో చెంచాతో గాజు గ్లాసు కొడుతున్నట్టు టిక్కు, టిక్కు, టిక్కు. అందరికీ అది తప్పేమోననిపించింది. అందరికీ పోయిన నెల ఉపన్యాసం కూడా గుర్తొచ్చింది.

"ఎంత ధైర్యమండీ మీకు! ఆ ధైర్యం కాస్త తగ్గినా బాగుంటుందేమో" అని ఒకరు రాశారు. "మొదటి నుంచీ ఒక పట్టుదల వినిపిస్తోంది" అని ఇంకొకరు. "పైస్థాయిలో ఏదో కొంచెం చురుక్కుమంటోంది, నా చెవుల లోపమే అయ్యుండొచ్చు" అని మూడోవారు.

ఇన్‌స్పెక్టరు చివరి మాట పట్టుకున్నాడు. చురుక్కుమనేవి పాటలోని కంచు తాళాలే అయ్యుండాలి. పాట తయారుచేసిన ప్రోగ్రాములోనే తెరిచి విన్నాడు. అక్కడ మెట్రోనోమ్ ఎప్పుడో ఆపేశాడు కాబట్టి టిక్కు లేదు. తాళాలు తగ్గించి మళ్ళీ ఫైలు మార్చాడు. ఆ చిన్న గడిలో టిక్కు అలాగే ఉంది. తాళాలు తగ్గేసరికి టిక్కు ఇంకా స్పష్టంగా వచ్చింది. బృందం ఈసారి, "ధైర్యం పెరిగింది" అంది. అతను గంటలు తగ్గించాడు. టిక్కు మరో అడుగు ముందుకు వచ్చింది. డ్రమ్ములూ తగ్గించాడు. విమర్శను ఇంత హుందాగా స్వీకరించేవాడు మరొకడు ఉంటాడా అని తనను చూసి తానే ముచ్చటపడ్డాడు.

ప్రతి కొత్త ఫైలూ భార్య ఫోనుకు వెళ్తూనే ఉంది. బుధవారం సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతూ, ఎవరూ అడక్కుండానే అంది.

"ఏమండీ, మీ పాట రోజురోజుకీ మెరుగవుతోంది."

ఇన్‌స్పెక్టరు చేతిలో ఉన్న దువ్వెన కింద పడింది.

"నిజంగానా?"

"నిజం. మావాళ్ళకి తెగ నచ్చింది. ఇదివరకు పెట్టిన పాటల్లో ఎక్కడ అడుగు వేయాలో వాళ్ళకి తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది."

ఎందుకు తెలుస్తోందో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ఆమె నోట కారణం కూడా వచ్చేసింది కదా, ఇంకేం కావాలి? ఆ రాత్రి అన్నం ఎంత తిన్నాడో అతనికే తెలియదు.

పాటను రకరకాల స్పీకర్లలో పరీక్షించడం ఇలాంటి పాటలు చేసేవాళ్ళకు అలవాటు. బుధవారం దొరికిన మెప్పు ఊపులో, గురువారం అతను పాటను కారులో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరాడు. వీధి మలుపు దాటగానే టిక్కు, టిక్కు అని వినిపించింది. ఇండికేటరు చూశాడు. ఆపే ఉంది. అయినా కొట్టుకుంటోంది. నేరుగా మెకానిక్కు దగ్గరికి పోనిచ్చాడు.

మెకానిక్కు బానెట్ ఎత్తి, దించి, సీట్లో కూర్చుని చెవి పెట్టాడు.

"పాట ఆపితే ఆగిపోతోంది సార్."

"అదే కదా నేను చెప్పేది! పాట పెట్టగానే కరెంటు మీద భారం పడుతోంది. రిలే స్విచ్చి కొట్టుకుంటోంది. లిఫ్టుల్లో ఇది మామూలే."

"లిఫ్టుల్లో మామూలైతే మరి కార్లలో కూడా ఉంటుంది సార్" అన్నాడు మెకానిక్కు, ఎదుటివాడి ధీమా చూసి. ఇద్దరూ ఒప్పుకున్న తర్వాత ఇక అడ్డేముంది. సాయంత్రానికి డ్యాష్‌బోర్డు మొత్తం ఊడి వెనక సీటు మీద పడుంది. శనివారం మధ్యాహ్నానికి బిగిస్తానన్నాడు.

శుక్రవారం చిన్న స్పీకరు పరీక్ష. వంటింట్లో స్పీకరులో పాట పెట్టి స్నానానికి వెళ్ళాడు. కూతురి దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చిన అత్తగారు కూరగాయలు తరుగుతున్నారు. పాట ఆవిడకు అలవాటే, దాన్ని ఆవిడ చెవులు ఎప్పుడో పట్టించుకోవడం మానేశాయి. టిక్కు మాత్రం కొత్తది. ఆవిడ గోడ గడియారాన్ని అనుమానించి, దించి, బ్యాటరీ పీకేశారు. టిక్కు ఆగలేదు. ఫ్రిజ్‌ను అనుమానించి ప్లగ్గు లాగేశారు. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది, టిక్కు ఆగింది. దొంగ దొరికాడని ఆవిడ తేల్చేసుకున్నారు.

"బాబూ, మీ ఫ్రిజ్ పాడైపోయింది. టిక్కుటిక్కుమంటోంది, ఆపేశాను" అన్నారు అల్లుడితో.

"మంచి పని చేశారత్తయ్యా. కారులో కూడా ఇదే గొడవ. ఈ వీధిలో కరెంటే బాగోలేదు" అన్నాడు అల్లుడు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. గడియారం తిరిగి గోడకెక్కింది కానీ, దాని బ్యాటరీ టీవీ రిమోట్‌లోకి చేరింది.

శనివారం ఉదయం భార్య ముందే క్లినిక్కుకు వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాటకు చప్పట్లు మోగేటప్పుడు నవ్వాలా, గంభీరంగా తల పంకించాలా అని అద్దం ముందు తేల్చుకుంటున్నాడు. అప్పుడు ఫోనులో మెసేజి వచ్చింది. పాత హెడ్‌ఫోన్ రాశాడు.

"లిఫ్టు సారూ, మీరు చెప్పినట్టే తప్పు అనడం లేదు, ఉద్దేశం అడుగుతున్నాను. పాటలో మెట్రోనోమ్ ఎందుకు ఉంచారు?"

అతను మొదటిసారిగా, తాను పంపిన ఫైలును చెవి పెట్టి విన్నాడు. టిక్కు. బృందం మొత్తం విన్నది ఇదే. కారులో మోగింది ఇదే. ఫ్రిజ్ ఏ పాపమూ ఎరగదు. ఇంకాసేపట్లో హాలు నిండా జనం, పెద్ద డాక్టరు, తన భార్య, అందరూ వినబోయేదీ ఇదే.

ఒక్క నిమిషం మంచం అంచున కూలబడ్డాడు. కానీ నిరాశ అతని ఒంటికి పడని వస్తువు. రెండో నిమిషానికి ఆలోచన తిరిగింది. ఇంత దరిద్రపు టిక్కు ఉన్నా ఆమెకు పాట అంత నచ్చిందంటే, ఆ టిక్కు తీసేస్తే ఇంకెంత నచ్చాలి? చకచకా కంప్యూటరు తెరిచి, ఆ చిన్న గడిలో టిక్కు తీసేసి, తగ్గించిన డ్రమ్ములూ గంటలూ తాళాలూ అన్నీ మళ్ళీ పెంచి కొత్త ఫైలు చేశాడు. తలుపులోంచి గోడ గడియారం చూశాడు. చాలా సమయముంది. పాటను తృప్తితీరా మొదటి నుంచి విన్నాడు. మళ్ళీ చూశాడు. ఇంకా అంతే సమయముంది.

"ఆ గడియారం ఏం చూస్తారు బాబూ, దానికి బ్యాటరీ లేదు" అన్నారు అత్తగారు టీవీ చానల్ మారుస్తూ.

మెట్లు దిగాడో దూకాడో. కారు తాళంచెవి కోసం చెయ్యి జేబులోకి పోయింది, డ్యాష్‌బోర్డు గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ఆటో ఎక్కి, ప్రతి సిగ్నలు దగ్గరా ఆటో డ్రైవరుకు లోపం, కారణం, సవరణ చెబుతూ క్లినిక్కు చేరాడు.

హాల్లో అంతా సిద్ధంగా ఉంది. గోడల వెంట కుర్చీల్లో పేషెంట్ల కొడుకులు, కోడళ్ళు, మనవలు. ముందు వరసలో చేతులు కట్టుకుని పెద్ద డాక్టరు. హాలు ఈ చివర నడవాల్సినవాళ్ళు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు టైపు మేడమ్. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపి ఊళ్ళో సగం మంది వేళ్ళను దారిలో పెట్టిన మనిషి. ఇప్పుడు రెండు మోకాళ్ళూ కొత్తవి. ఆ చివర నిలబడ్డ భార్య, స్పీకరు పక్కన ఊడిపడిన భర్తను చూసి, పాట పెట్టమని చేత్తో సైగ చేసింది. స్పీకరుకు తగిలించి ఉన్న ఆమె ఫోనును అతను నెమ్మదిగా ఊడదీసి, తన ఫోను తగిలించాడు.

పాట మొదలైంది. గంటలు గణగణలాడాయి. ఉరుము ఉరిమింది. తీగలు లేచాయి. ఇంత అందంగా తన పాట ఎప్పుడూ వినిపించలేదని అతనికి అనిపించింది.

టైపు మేడమ్ కుడికాలు ఎత్తారు. ఎత్తిన కాలు గాలిలోనే ఉంచి చెవి రిక్కించారు. ఆమె ఆగేసరికి వెనకాయన ఆగలేక ఆమె భుజం పట్టుకున్నాడు. ఆయన వెనకాయన ఆయన నడుం పట్టుకున్నాడు. వరస మొత్తం ఒకరినొకరు పట్టుకుని అటూ ఇటూ ఊగసాగింది. ఇంటివాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. పెద్ద డాక్టరు కట్టుకున్న చేతులు విప్పాడు.

"నడవండి మేడమ్!" అని అరిచింది భార్య.

"ఎట్లా నడవనమ్మా? టిక్కు ఏదీ?"

ఇన్‌స్పెక్టరు వినయంగా ఒక అడుగు ముందుకు వేశాడు. "టిక్కు తీసేశానండీ. అది పొరపాటున పడింది."

"పొరపాటు తీశావా నాయనా, నా కాళ్ళు తీశావా? వారం నుంచీ దాన్ని పట్టుకునే కదా నడుస్తున్నాం! ముందది పెట్టు!"

హాలు చివరి నుంచి భార్య అతని వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కాస్త జాలి ఉంది, దానివల్ల మరీ కష్టంగా ఉంది. రోజురోజుకీ మెరుగైంది ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది. తను ఒక్కొక్క వాయిద్యాన్నీ తగ్గించుకుంటూ పోతే ఆమె మెచ్చుకుంటూ పోయింది. తన ఫోను తీసేసి ఆమె ఫోను తగిలించాడు.

టిక్కు, టిక్కు, టిక్కు. టైపు మేడమ్ కాలు దిగింది. రెండో కాలు లేచింది. వెనకాల అందరి కాళ్ళూ ఒకేసారి లేచి ఒకేసారి దిగాయి. కర్ర ఉన్నాయన కర్రను చంకలో పెట్టుకుని మరీ నడిచాడు. వరస ఆ చివరికి చేరేసరికి చప్పట్లకు హాలు మోగిపోయింది. ఒక కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఈ క్లాసు ఇక ఆపేది లేదు" అన్నాడు పెద్ద డాక్టరు. భార్య ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూసి ఇన్‌స్పెక్టరు కూడా, తన బాధ కాసేపు పక్కన పెట్టి, గట్టిగానే చప్పట్లు కొట్టాడు.

టైపు మేడమ్ ఆయాసం తీర్చుకుని అతన్ని పిలిచారు.

"నువ్వేనా చేసింది? ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. ఆ టిక్కు అద్భుతం. ఒక్క వెంట్రుకవాసి తప్పలేదు. కాకపోతే దాని చుట్టూ ఏదో గోల ఉంది చూడు, అది తీసేసెయ్. టిక్కు మాత్రం అద్భుతం."

నిర్మొహమాటం బృందంలో ఇన్నేళ్ళలో ఇంత పద్ధతైన విమర్శ అతనికెవరూ చేయలేదు. లోపం ఉంది, సవరణ ఉంది, అటూ ఇటూ మెచ్చుకోలు కూడా ఉంది.

ఇంటికి వెళ్ళడానికి ఇద్దరూ ఆటో ఎక్కారు. అతనే ముందు అడిగాడు.

"నిజం చెప్పు. టిక్కు కాకుండా మిగతాది ఎలా ఉంది?"

"బాగుం..." అనబోయి ఆమె ఆగింది. "మీ పద్ధతిలోనే చెప్పనా? లోపం: ఎక్కడ ఆపాలో మీకు తెలియదు. కారణం: ఉన్న వాయిద్యాలన్నిటి మీదా ప్రేమ. ఎవరినీ బయటికి పొమ్మనలేరు. వింటుంటే లిఫ్టులో ఇరుక్కుని తలుపు తెరుచుకోవడం కోసం చూస్తున్నట్టు ఉంటుంది."

"సవరణ?"

"మధ్యలో ఒకచోట అన్నీ ఆగిపోయి, ఒక్క తీగ మోగుతుంది. చాలా నెమ్మదిగా. అది వచ్చేదాకా నేను రోజూ క్లాసులో పాట ఆపనివ్వను. వాళ్ళ నడక అయిపోయినా సరే, నేనొక్కదాన్నే నిలబడి వింటాను. అక్కడి నుంచి మొదలుపెట్టండి."

ఫలానా చోట ఫలానాది నచ్చిందని, కారణంతో సహా. ఇన్‌స్పెక్టరు మొహం ఆటో బయటికి తిప్పుకున్నాడు, గాలి కళ్ళలో పడుతోందన్నట్టు. ఆమె చెయ్యి పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రమే బృందంలో మూడు ముక్కలు రాశాడు. "పాత హెడ్‌ఫోన్ గారికి: ఆ టిక్కు ఉద్దేశపూర్వకం కాదు. పోయిన నెల గాలి చప్పుడు కూడా కాదు, అది ఫ్యాను. వానచుక్క గారికి: మధ్యలోంచి మొదలుపెట్టమన్న నా సలహా ఇవాళ నాకూ దొరికింది, మీతో చెప్పినదానికంటే చాలా మర్యాదగా." ఆపైన ప్రోగ్రాములో వాయిద్యాలన్నిటినీ ఆపేసి, టిక్కు ఒక్కదాన్నే ఫైలుగా మార్చి క్లినిక్కుకు పంపాడు.

ఇప్పుడు క్లినిక్కు హాల్లో పొద్దునా సాయంత్రమూ అతని పేరు మీద ఆ టిక్కు మోగుతూనే ఉంది. విన్నవాళ్ళలో ఇంతవరకూ ఒక్కరు కూడా అందులో లోపం చూపించలేదు.